నల్ల మెట్ల మీద మోహన

సాయంత్రం ఆరు దాటాక గాజువాక వైపు ఏ అపార్ట్‌మెంట్ మెట్లెక్కినా మూడు శబ్దాలు తప్పకుండా వినిపిస్తాయి. ఒకటి కుక్కర్ విజిల్. రెండోది టీవీ సీరియల్. మూడోది, ఏ ఇంట్లోనో పిల్లలు కీబోర్డు మీద స రి గ దాకా వచ్చి, మ దగ్గర తడబడి, మళ్ళీ మొదటికి వెళ్ళడం. ఆ కీబోర్డు మీద పేరేముంటుందో చూడండి. యమహా, లేకపోతే కేసియో. పెళ్ళిళ్ళకి, మార్గశిర మాసంలో కనకమహాలక్ష్మి అమ్మవారి పండక్కి వాయించే ఆర్కెస్ట్రా వాళ్ళయితే రోలండ్, కోర్గ్. డోలక్కు, తబలా బదులు వాళ్ళు కర్రలతో కొట్టే ప్యాడ్లు కూడా రోలండ్ మొదలెట్టినవే. అన్నీ జపాను పేర్లే.

జపానుకీ మన ఊరికీ ఉన్న లెక్కలు చాలానే ఉన్నాయి. 1942 ఏప్రిల్ 6న వాళ్ళ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు ఊరంతా ఖాళీ చేసి పోయిన ఆ కథ పెద్దల నోట విన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. తర్వాత 1960ల్లో అదే జపానుకి బైలడిల్లా ఇనప రాయి పంపడానికి కొండలు తొలిచి కిరండూల్ నుంచి కొత్తవలస దాకా రైలు దారి వేశాం. అరకు వెళ్ళేటప్పుడు మీరు లెక్కపెట్టే సొరంగాలు ఆ దారివే. మన రాయి వెళ్ళి ఏ కారయిందో, ఏ పియానో తీగయిందో నాకు తెలీదు. తిరిగి మన ఇళ్ళకి వచ్చిన వస్తువుల్లో మాత్రం ఈ మెట్ల పెట్టె ఒకటి.

ఈ పెట్టె గురించి రాయడానికి కారణం మా అక్క కూతురు. దానికి ఏడేళ్ళ పాప. కీబోర్డు క్లాసులో చేర్చింది. నాలుగు నెలలయ్యాక ఒకరోజు ఫోన్ చేసి, "ఏటి పిన్నీ, దీనికి శ్రుతి లేదంట. చెవి లేదంట. డబ్బులు దండగని సారే చెప్పేశారు," అంది. ఆ పిల్ల అంతకుముందు ఇల్లంతా పాడుకుంటూ తిరిగేది. నాయనమ్మ దగ్గర పెరిగింది కాబట్టి దంపుళ్ళ పాటలు, జోల పాటలు, రేడియో పాటలు అన్నీ కలిపి పాడేది. ఆ మాట విన్నాక మానేసింది. నేను అడిగితే, "నాకు రాదు కదా చిన్నమ్మమ్మా," అంది. ఏడేళ్ళకే.

ఆ పిల్లకి చెప్పాల్సిన కథ ఒకటి నాకు జపానులోనే దొరికింది.

పాడలేని మాస్టారు

జపాను 1872లో కొత్త విద్యా చట్టం చేసింది. అందులో బడి పిల్లలకి నేర్పాల్సిన వాటిలో పాట కూడా రాశారు. పక్కనే ఒక ముక్క చేర్చారు: ప్రస్తుతానికి దీన్ని వదిలేయవచ్చు అని. మన బళ్ళ టైంటేబుల్లో మ్యూజిక్ పీరియడ్ చూసినవాళ్ళకి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. నేర్పేవాళ్ళు లేరు, పుస్తకాల్లేవు, ఏ సంగీతం నేర్పాలో కూడా ఎవరికీ తెలీదు.

మూడేళ్ళ తర్వాత, 1875లో, ఇసావా షూజీ అనే పాతికేళ్ళ లోపు కుర్రాణ్ణి ఉపాధ్యాయ శిక్షణ కోసం అమెరికా పంపారు. లెక్కలు వచ్చాయి, సైన్సు వచ్చింది. పాట మాత్రం రాలేదు. డో రే మీ దగ్గర మొదలెట్టి పై డో దాకా సరిగ్గా పాడలేకపోయేవాడు. నాలుగో స్వరం, ఏడో స్వరం అసలు పలికేవి కావు. మన లెక్కలో చెప్పాలంటే మధ్యమం, నిషాదం.

ఎందుకంటారు? అతనికి చెవి లేకనా? కాదు. అతను పుట్టి పెరిగిన ఊరి పాటల్లో ఎక్కువగా ఐదేసి స్వరాలే ఉండేవి. చెవికి అలవాటు లేనిది గొంతుకి రాలేదు. అంతే. ఇసావా వదల్లేదు. బోస్టన్‌లో బడి పిల్లలకి సంగీతం నేర్పడంలో పేరున్న లూథర్ వైటింగ్ మేసన్ దగ్గర విడిగా పాఠాలు చెప్పించుకున్నాడు. 1879లో టోక్యోలో సంగీత పరిశోధన సంఘం పెడితే దానికి పెద్ద ఈ పాడలేని మనిషే. మరుసటి ఏడు మేసన్ గారినే జపాను రప్పించాడు. ఇద్దరూ కలిసి 1881 తేదీతో బడి పిల్లల మొదటి పాటల పుస్తకం తెచ్చారు. ఆ సంఘమే 1887లో టోక్యో సంగీత పాఠశాల అయింది.

పిల్లలకి మధ్యమం, నిషాదం కష్టమని వాళ్ళకి అనుభవం మీద తెలుసు. అందుకే ఆ రెండూ లేని పాటలు వెతికారు. స్కాట్లండ్ జానపదాలు అలా ఉంటాయి. వీడ్కోలు పాటగా ప్రపంచమంతా పాడే ఒక స్కాట్ వరసకి జపాను మాటలు రాసి 'హోతారు నో హికారి' అన్నారు. అంటే మిణుగురుల వెలుగు. చాలా తరాలుగా అక్కడ బడి చదువు ముగిసే రోజున ఆ పాట పాడతారు. అది పరాయి పాటని చాలామంది పిల్లలకి గుర్తే ఉండదు.

ఇలా నాలుగు, ఏడు తీసేసిన స్వర వరసకి వాళ్ళు పెట్టుకున్న పేరు 'యోనానుకి'. యో అంటే నాలుగు, నా అంటే ఏడు, నుకి అంటే తీసేయడం. ఇప్పుడు మీరే లెక్కపెట్టండి. మేజర్ స్కేల్లోంచి మధ్యమం, నిషాదం తీసేస్తే ఏం మిగిలింది? స రి గ ప ద. మన మోహన రాగం! మన పిల్లలు సరళీ వరసలు, అలంకారాలు దాటాక గీతాల్లో ముందుగా ఎదురయ్యే రాగాల్లో ఇదొకటి. జపాను సినిమా పాటల్లో, ఎంకా అనే వాళ్ళ పాత సినీ, రేడియో పాటల్లో ఇదే అస్థిపంజరం బోలెడుసార్లు వినిపిస్తుంది. అందుకే అర్థం తెలియకపోయినా ఆ పాటలు మనకి ఎక్కడో విన్నట్టే ఉంటాయి.

శ్రుతి కోసం కొండలు దాటినవాడు

యమహా కథ కూడా బడిలోనే మొదలైంది. 1887లో హమమత్సు అనే ఊళ్ళో ప్రాథమిక పాఠశాలకి తెప్పించిన అమెరికా ఆర్గన్ పాడయింది. గడియారాలు, వైద్య పరికరాలు బాగుచేసే యమహా తొరాకుసు అనే ఆయన్ని పిలిచారు. బాగుచేస్తూనే లోపల ఏముందో బొమ్మ గీసుకున్నాడు. తనే ఒకటి తయారుచేసి, తోడు ఇంకొకర్ని పెట్టుకుని, కావడి మీద మోసుకుంటూ హకోనే కొండలు దాటి టోక్యో సంగీత పాఠశాలకి పట్టుకెళ్ళాడు. అక్కడున్నది మన ఇసావాయే. చూసి చెప్పారు: పనితనం బాగుంది, శ్రుతి బాగోలేదు.

ఆయన్ని వెళ్ళిపొమ్మనలేదు. అక్కడే ఉండి శ్రుతి శాస్త్రం నేర్చుకోమన్నారు. ఒక నెల రోజులు పాఠాలు విని, శ్రుతి కడ్డీతో ఊరికెళ్ళి మళ్ళీ చేశాడు. ఈసారి బాగుందన్నారు. మీ పిల్లల కీబోర్డు మీద, మీ వీధిలో తిరిగే మోటార్ సైకిల్ మీద ఉన్న గుర్తు జాగ్రత్తగా చూడండి. ఒకదానికొకటి అడ్డంగా పేర్చిన మూడు శ్రుతి కడ్డీలవి. 'శ్రుతి లేదు' అనిపించుకున్న మనిషి కంపెనీకి గుర్తు శ్రుతి కడ్డీ అయిందన్నమాట.

కీబోర్డు కంటే చాలా ముందే ఇంకో జపాను వాద్యం మన ఇళ్ళలోకి వచ్చింది. అది జపాను సరుకని చాలామందికి తెలీదు. బుల్‌బుల్ అనేవాళ్ళం, కొందరు బెంజో అంటారు. పొడుగాటి చెక్క పెట్టె, పైన టైపు మిషను మీటల్లాంటివి, కింద తీగలు. ఎడమ చేత్తో మీట నొక్కి, కుడి చేత్తో తీగలు మీటడం. 1912లో నగోయా నగరంలో మొరీతా గోరో అనే ఆయన టైపు మిషను మీటల్ని తీగల వాద్యానికి తగిలించి తయారుచేశాడు. అది తైషో చక్రవర్తి పాలన మొదలైన ఏడు కాబట్టి 'తైషోగోతో' అన్నారు. ఓడలెక్కి మన దేశం వచ్చేసరికి బుల్‌బుల్ తరంగ్ అయింది. కవ్వాలీల్లో, ఊళ్ళో బ్యాండుల్లో, ఒకప్పటి మధ్యతరగతి ముందు గదుల్లో కూర్చుంది. గురువు లేకుండా సినిమా పాట పలికించుకోగలిగే చవక వాద్యం అది.

జపాను పారేసుకున్నది

ఇంతవరకు చదివి జపాను వాళ్ళని చూసి నేర్చుకోవాలంటున్నానని మీరనుకుంటే, కాస్త ఆగండి. వాళ్ళు పోగొట్టుకున్నది కూడా చూడాలి.

బడిలోకి పాశ్చాత్య సంగీతం వచ్చాక కోతో, షమిసెన్ లాంటి సొంత వాద్యాలు బడి బయటే ఉండిపోయాయి. కోతో అంటే పదమూడు తీగల వాద్యం. కుడి చేత్తో మీటుతూ, ఎడమ చేత్తో తీగని అదిమి స్వరాన్ని సాగదీస్తారు. వీణ మీద తీగ లాగి గమకం పలికించడానికి దగ్గరి చుట్టం. షమిసెన్ తీగలో ఒక జుమ్మనే మోతని కావాలని పెడతారు. తంబురాకి జీవాళి వేస్తే వచ్చే మోత లాంటిదే. ఇంత మనకి దగ్గరైన సంగీతం అక్కడి పిల్లలకి తరతరాలుగా బడిలో వినిపించలేదు. గురువుల ఇళ్ళలో, కొన్ని కుటుంబాల్లో మిగిలింది.

ఇంకో మాట. బడి పాటని ప్రభుత్వం తన పనికి వాడుకుంది. యుద్ధ కాలంలో పిల్లలకి చెవి శిక్షణ ఇచ్చింది పాట కోసమే కాదు, శత్రు విమానాల మోత గుర్తుపట్టడానికి పనికొస్తుందని కూడా. మన ఊరి మీదికి బాంబులు వచ్చిన రోజుల్లోనే అక్కడి పసిపిల్లలు అలా చెవులు రిక్కించి కూర్చున్నారు. పిల్లల చెవిలో ఏం పోస్తున్నామన్నది చిన్న విషయం కాదని చెప్పడానికే ఇదంతా.

చివరికి వాళ్ళకే తెలిసొచ్చింది. 2002 నుంచి అమల్లోకి వచ్చిన పాఠ్య ప్రణాళికలో, మాధ్యమిక పాఠశాల మూడేళ్ళలో ప్రతి పిల్లా పిల్లాడూ ఒక జపాను సంప్రదాయ వాద్యమైనా చేత్తో పట్టి చూడాలని పెట్టారు. సొంత ఇంటి తలుపు తీయడానికి వాళ్ళకి నూట ఇరవై ఏళ్ళు పట్టింది.

విజయనగరం చేసిన పని

మనం ఇంకో దారిలో నడిచాం. ఫిడేలు కూడా పరాయి వాద్యమే. తెల్లవాళ్ళతో వచ్చింది. మనవాళ్ళు దాన్ని తీసుకుని, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, దాని తలని పాదం మీద ఆనించి, తీగల్ని స ప స ప గా శ్రుతి చేసుకున్నారు. పెట్టె వాళ్ళది, పాట మాత్రం మనదే. జపాను వాద్యాన్ని దాని సంగీతంతో సహా తెచ్చుకుంటే, మనం వాద్యాన్ని మాత్రమే తెచ్చుకున్నాం.

ఆ పని చేసినవాళ్ళలో గొప్పవాడు మన విశాఖలో పెరిగిన మనిషే. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893లో బెంగుళూరులో పుట్టినా పెరిగింది ఇక్కడే. చూపు తక్కువ, చెవి ఎక్కువ. 1919లో విజయనగరంలో మహారాజా వారు సంగీత కళాశాల పెట్టారు. చాగంటి జోగారావు గారి అంధుడైన కొడుకుకి సంగీతం చెప్పించాలన్న ఆలోచన దానికి మూలమని చెప్తారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. నాయుడు గారు ఫిడేలు గురువుగా చేరి, 1936లో తనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల, పి. సుశీల చదివింది ఆ కళాశాలలోనే. ఇవాళ బీచ్ రోడ్డు పక్క హాళ్ళలో మన రిటైరైన ఉద్యోగులు కరోకే పెట్టుకుని ఘంటసాల పాట పాడుతున్నారంటే, గొంతుకి చదువు విజయనగరం చెప్పింది. వెనక మోగే ఖాళీ ఆర్కెస్ట్రా జపాను నుంచి వచ్చింది. కరోకే మాటకి అర్థం కూడా అదే, ఖాళీ ఆర్కెస్ట్రా.

అయితే మన లోటు ఎక్కడుంది? జపాను పరాయి సంగీతమైనా ప్రతి పిల్లకీ ఇచ్చింది. మనం సొంత సంగీతాన్ని కాపాడుకున్నాం, కొందరు పిల్లలకే ఇచ్చాం. కళాశాలకి వెళ్ళగలిగినవాడికి, ఇంట్లో పాడేవాళ్ళున్నవాడికి, ఫీజు కట్టగలిగినవాడికి. మిగతా పిల్లలకి మ్యూజిక్ పీరియడ్ అంటే ఆగస్టు పదిహేనుకి ముందు రెండు వారాలు. 2005 నాటి జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం కళలు పదో తరగతి దాకా ఉండాల్సిందేనంది. కాగితం మీద ఉంది. వాళ్ళ 1872 చట్టంలో ఉన్నట్టే.

చెవి ముందు, వేలు తర్వాత

పాప సంగతికొస్తాను. ఫిడేలు తయారుచేసే సుజుకీ మసాకిచి గారి కొడుకు షినిచి సుజుకీ, 1898లో నగోయాలో పుట్టాడు. బెర్లిన్ వెళ్ళి ఫిడేలు నేర్చుకుంటూ అక్కడి భాషతో కుస్తీ పట్టాడు. అప్పుడు ఆయనకి తట్టిందొకటే: జపాను పిల్లలందరూ జపాను భాష తప్పుల్లేకుండా మాట్లాడుతున్నారు కదా, దానికి ఎవరూ ప్రతిభ ఉందా లేదా అని పరీక్ష పెట్టలేదే! అమ్మ మాట వేలసార్లు విని, తిరిగి పలికి, తప్పినా మెచ్చుకోలు పొంది నేర్చుకుంటున్నారు. సంగీతమూ అలాగే రావాలి. యుద్ధంలో చితికిన దేశంలో, 1946లో మత్సుమోతో అనే ఊళ్ళో ఈ పద్ధతిలో బడి మొదలెట్టాడు. రోజూ వినడం, తల్లో తండ్రో పక్కన కూర్చోవడం, కొంచెం కొంచెం మళ్ళీ మళ్ళీ చేయడం, కాగితం మీది స్వరాలు ఆ తర్వాత. 1955లో టోక్యోలో వెయ్యిమందికి పైగా పిల్లలు ఒకేసారి ఫిడేలు వాయించి చూపించారు.

ఇది మనకి కొత్తా? మన గురువుల ఇళ్ళలో పాఠం నడిచింది ఇలాగే కదా. విను, అను, మళ్ళీ అను.

మా పాప విషయంలో జరిగిందేమిటంటే, నాయనమ్మ పాటల్లో స్వరం జారుతుంది, ఊగుతుంది. కీబోర్డు మెట్టు ఊగదు. ఆ పిల్ల ఊగుతూ పాడితే మెట్టుకి సరిపోలేదు. ఇది పాత తగాదాయే. ఇదే కారణం చెప్పి 1940లో ఆకాశవాణి హార్మోనియంని స్టూడియోలోంచి బయటపెట్టి, మూడు దశాబ్దాల దాకా రానివ్వలేదు. తప్పు మెట్టుది కాదు, పిల్లదీ కాదు. రెండు భాషలవి.

అందుకని కీబోర్డు అమ్మేయమని చెప్పలేదు. క్లాసు మాత్రం కొన్నాళ్ళు ఆపమన్నాను. ఇంట్లో ఇలా చేయమన్నాను. మీకూ పనికొస్తుందేమో చూడండి.

కీబోర్డు మీద నల్ల మెట్లు రెండేసి, మూడేసి గుంపులుగా ఉంటాయి. మూడు గుంపులో మొదటిదాన్ని షడ్జం అనుకోండి. మనవాళ్ళ లెక్కలో అది నాలుగున్నర శ్రుతి. అక్కణ్ణించి నల్ల మెట్లే వరసగా నొక్కండి. స రి గ, పక్క గుంపులో ప ద, మళ్ళీ పై స. మోహన వచ్చేసింది. తెల్ల మెట్టు ముట్టుకోకపోతే తప్పు పలకడానికే వీల్లేదు! భయపడ్డ పిల్లకి ఇంతకంటే మంచి మందు లేదు.

ఇంకో తమాషా. అవే ఐదు మెట్లు. రి ని షడ్జంగా పట్టుకుని మొదలెడితే మధ్యమావతి వరస. గ నుంచి అయితే హిందోళం. ప నుంచి శుద్ధ సావేరి. ద నుంచి శుద్ధ ధన్యాసి. ఐదు నల్ల మెట్లలో ఐదు రాగాల ఎముకలు. దీన్నే మన పెద్దలు గ్రహభేదం అన్నారు. జపాను వాళ్ళ చెర్రీ పూల పాట 'సకురా' కావాలంటే తెల్ల మెట్లకి రండి. మూడో శ్రుతి షడ్జంగా స, శుద్ధ రి, శుద్ధ మ, ప, శుద్ధ ద. మన కర్ణాటక శుద్ధ సావేరి స్వరాలే.

ఇవి ఎముకలే సుమా. మాంసం, ఊపిరి గొంతులోంచి రావాలి. అందుకే ముందు పాడాలి, తర్వాత నొక్కాలి. రోజూ పావుగంట ఏదైనా మంచి గొంతు వినిపించండి. అన్నం తినేటప్పుడైనా పర్లేదు. పక్కన మీరు కూర్చోండి, ఫోన్ పక్కన పెట్టి. మెట్టు పలికించిన స్వరాన్ని నాయనమ్మ ఎలా ఊపేదో పిల్లనే పాడి చూపించమనండి. అప్పుడు ఆ పిల్లే గురువు, మీరు శిష్యులు.

మూడు నెలలయింది. పాప పెద్ద గాయని అయిపోయిందని చెప్పను. బూట్లకి లేసులు కట్టుకుంటూ ఏదో కూనిరాగం తీస్తోందని వాళ్ళమ్మ చెప్పింది. నాకది చాలు.

కానీ అందరు పిల్లలకీ నాయనమ్మలు, చిన్నమ్మమ్మలు ఉండరు కదా. వాళ్ళకి బడే దిక్కు. జూన్లో పిల్లల్ని బడిలో చేర్చేటప్పుడు ఏసీ ఉందా, ల్యాబ్ ఉందా, బస్సు ఎన్నింటికొస్తుంది అని అడుగుతాం. ఈసారి ఇంకో ప్రశ్న అడగండి: "మా పిల్ల వారంలో ఎన్నిసార్లు పాడుతుంది?" జవాబు చెప్పే ప్రిన్సిపాల్ గారు ఒకవేళ, "ఆడిషన్ పెట్టి బాగా పాడేవాళ్ళని తీసుకుంటామండీ," అంటే, ఇసావా గారి కథ చెప్పండి. ఆ లెక్కన ఆయన్ని కూడా తీసుకునేవారు కాదు.